నాలుగు మూతుల బొమ్మలు

అక్కుపల్లి
8 ఏప్రిల్ 1912

చిరంజీవి బావమరిది నీలకంఠానికి,

నీ బావ పైడిరాజు దీవించి రాసే సంగతులు. ఇక్కడ నేనూ, మీ అప్ప కాంతమ్మా, కొట్టంలో నలుగురూ కులాసా. ఆ నలుగురూ ఎవరో నీకు తెలుసు. దుక్కిటెడ్లు మల్లడూ ఎర్రడూ, నిండు చూలుతో ఉన్న చుక్కావు, దాని కూతురు పెయ్య. చుక్కావు వచ్చే నెలాఖరులోగా ఈనుతుందని మీ అప్ప లెక్క.

నువ్వు చెన్నపట్నంలో గొడ్ల డాక్టరు చదువుకి చేరి ఏడాది దాటినా ఊళ్లో వాళ్ల అడగడాలు ఆగలేదు. మొన్న మునసబు కూర్మనాథం గారు పదిమందిలో, "గొడ్డుకి సురకెట్టడానికి సెన్నపట్నం ఎందుకెల్లాల్రా? మన ఎర్రమ్మకాడ నేర్సుకుంటే సాలదేటి?" అన్నారు. మా బావమరిది చురకలు పెట్టడు, గొడ్డు నోరు తెరిచి పుస్తకం చదివినట్టు చదువుతాడు అని చెప్పాను. అయితే ఆ పుస్తకం ఏ భాషలో ఉంటుందో రాయమని ఆయన అడుగుతున్నారు. జవాబు గట్టిగా రాయి, పదిమందిలో చదివిస్తాను.

ఇక్కడ జీడిపిక్కల రోజులు. తోటంతా పిక్కలు రాలుతున్నాయి. కాల్చడం, కొట్టడం, ఇంటింటా ఆడవాళ్ల వేళ్లు పేలి ఉండడం, అంతా నీకు తెలిసిందే.

అసలు సంగతి చివరికి దాచాను. మన కొట్టంలో ఒక వింత వెలిసింది. ఉద్దానం మొత్తం తిరిగినా మరో రైతు కొట్టంలో కనిపించదు. నేనే స్వయంగా తయారుచేశాను. మీ అప్ప దాన్ని చూసి మూడు రోజులు నాతో మాట్లాడలేదు, అంత గొప్పగా ఉంది. అదేమిటో మాత్రం రాయను. సెలవలకి వచ్చి కళ్లారా చూడాల్సిందే.

నీ బావ
పైడిరాజు


వేపేరి, చెన్నపట్నం
14 ఏప్రిల్ 1912

బావకి నమస్కారాలు,

నీ ఉత్తరం చదివి హాస్టలులో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. అప్ప మూడు రోజులు మాట్లాడలేదంటే ఆ వింత నీ ఇంట్లో ఎంత చోటు ఆక్రమించిందో ఊహించగలను. గుర్రమా? కొబ్బరిపీచు వలిచే యంత్రమా? పోనీ పెద్దదా, చిన్నదా, అదైనా చెప్పు.

మునసబు గారికి చెప్పు, గొడ్డు నోరు పుళ్ల భాషలో ఉంటుంది. మాకు ఇప్పుడు నేర్పుతున్నది అదే. ఒక గదినిండా సీసాలు, సీసాల్లో నాలికలు, పేగులు, కాలేయాలు. మా ప్రొఫెసరు గారు ఒక సీసా బల్లమీద పెట్టి ఏం కనబడుతోందని అడుగుతారు. ఎవరైనా గబుక్కున రోగం పేరు చెబితే నిలబెట్టేస్తారు. "నేను పేరు అడగలేదు, కనబడేది అడిగాను" అంటారు. పుండు ఏ రంగు, ఎంత మేర, అంచు ఎలా ఉంది, మెత్తనా గట్టిదా, ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు, ఇవన్నీ అయ్యాకే పేరు. నిజం చెప్పాలంటే నాకు ఇదంతా చాదస్తంలా ఉంది. పేరు నాలిక చివర ఆడుతుంటే గంటసేపు రంగులు వర్ణించడం దేనికి?

నీకు రెండు గుర్తులు చెబుతాను, జ్ఞాపకం పెట్టుకో. గాలికుంటు అయితే నోట్లోనూ గిట్టల సందునా కూడా బొబ్బలు లేస్తాయి. పెద్దజాడ్యం అయితే నోట్లో తవుడు చల్లినట్టు తెల్లగా పొక్కు ఉంటుంది. ఆ తవుడు గుర్తు ఒక్కటి చూస్తే చాలు. ఒకసారి వచ్చిందంటే ఊరు ఊరంతా కొట్టాలు ఖాళీ చేసే రోగం అది.

అప్ప వేళ్లకి కొబ్బరినూనె రాసుకోమని చెప్పు.

నీ బావమరిది
నీలకంఠం


అక్కుపల్లి
24 ఏప్రిల్ 1912

బావమరిదికి,

ఈసారి హాస్యం లేదు. నాలుగు రోజులుగా నాలుగు గొడ్లకీ చొంగ కారుతోంది. కుడితి దగ్గరికి ఆత్రంగా వస్తాయి, మూతి పెడతాయి, వెంటనే వెనక్కి లాక్కుంటాయి. మూతులు పొక్కి, తోలు ఊడి, ఎర్రగా పుళ్లు దేరాయి. చుక్కావుకి మరీ ఎక్కువ.

నీ ఉత్తరం తీసి మళ్లీ చదివాను. చుక్కావు పెదవి ఎత్తి చూశాను. నువ్వు రాసినట్టే, తవుడు చల్లినట్టే ఉంది నీలకంఠం. ఇంకేమీ చూడకుండా పెదవి వదిలేశాను.

మీ అప్ప పసుపూ వెన్నా రాస్తోంది. ఎర్రమ్మ వచ్చి చురకలు పెడతానంటే మీ అప్ప ఒప్పుకోలేదు, తమ్ముణ్ణి అడగందే ఎవర్నీ ముట్టనివ్వనంది. ఏం చెయ్యాలో వెంటనే రాయి.

పైడిరాజు


వేపేరి
27 ఏప్రిల్ 1912

బావా,

ఇది పెద్దజాడ్యం. నాకు అనుమానం లేదు. తవుడు గుర్తు కనబడిందంటే ఇంకేమీ చూడక్కర్లేదు.

నాలుగింటినీ ఊరి గొడ్లకి దూరంగా కట్టు. చెరువుకి తోలకు. సంగతి దాచకుండా మునసబు గారికి ఈ రోజే చెప్పు, ఊళ్లో రెండు వందల గొడ్లు ఉన్నాయి. బతుకుతాయన్న ఆశ ఎక్కువ పెట్టుకోవద్దు. ఇది రాయడానికి నాకు ఎంత కష్టంగా ఉందో నీకు చెప్పలేను. చుక్కావు పుట్టిన రోజున దాన్ని మొదట తుడిచింది నేనే.

నీలకంఠం


అక్కుపల్లి
1 మే 1912

నీలకంఠం డాక్టరు గారికి,

మీరు సెలవిచ్చినట్టే చేశాను, నాలుగింటినీ మన కొట్టం దాటనివ్వడం లేదు. ఉత్తరం తీసుకెళ్లి మునసబు గారి చేతిలో పెట్టాను. నువ్వు ఎప్పుడో గట్టి జవాబు రాస్తే పదిమందిలో చదివిస్తానన్నాను గదా, ఆ ముచ్చట ఇలా తీరింది. ఆయన అందర్నీ పిలిచి రెండుసార్లు చదివించారు. అనుమానం లేదు అన్న చోట ఆపి, మళ్లీ చదవమన్నారు.

తీర్పు అయింది. జాడ్యం తగిలిన గొడ్లని గంగమ్మకి అప్పజెప్పడం మన తీరంలో ఉన్నదే. వైశాఖ అమావాస్యలోగా నాలుగింటినీ మొగలి డొంకలు దాటించి, సముద్రం ఒడ్డు ఇసకదిబ్బల మీదికి తోలేయాలి. మళ్లీ ఊళ్లోకి రానివ్వరు. అక్కడ తాగడానికి మంచినీళ్లు లేవు, నీడ లేదు, ఎండ ఎలా ఉందో నీకు తెలుసు. చుక్కావు అక్కడ ఈనాలన్నమాట. మునసబు గారిని అనడానికి లేదు. రెండు వందల గొడ్ల కోసం నాలుగింటిని వదులుకోమన్నారు. నేనైనా అదే అనేవాణ్ణి.

అమావాస్య పదహారో తేదీ. ఆ తరవాత ఏరువాకకి నేను కాడి ఎవరి మెడమీద పెట్టాలో ఇంకా ఆలోచించలేదు.

మీ అప్ప మాత్రం ఏడవలేదు. ఉత్తరం వినిపించగానే నా వైపు తిరిగి, "మా తమ్ముడు ఇక్కడికొచ్చి సూసినాడేటి? సూడకండా ఎలా సెప్పినాడు?" అంది. దానికి జవాబు నువ్వే రాయి.

పైడిరాజు


వేపేరి
4 మే 1912

బావకి, అప్పకి నమస్కారాలు,

అప్ప అడిగింది సరైన మాటే. ఉత్తరం చేతిలో పట్టుకుని ప్రొఫెసరు గారి దగ్గరికి వెళ్లి, జరిగినదంతా చెప్పాను. ఆయన కోప్పడతారనుకున్నాను. ఆయన కుర్చీ చూపించి కూర్చోమన్నారు. జ్వరం ఎంత అన్నారు, నాకు తెలియదు. పేడ ఎలా ఉంది, తెలియదు. గిట్టలు చూశారా, తెలియదు. పుళ్లు ఎక్కడ లేవు, తెలియదు. నాలుగోసారి తెలియదని చెప్పాక నాకు కూర్చోవడానికి సిగ్గేసింది. నాలుగు ప్రాణాలకి నేను ఒక్క మాట ఆధారంగా పేరు పెట్టేశాను బావా. తప్పు నాది. ఆ పేరు నిజమే కావచ్చు, కానీ అది నాకు తెలియకుండానే రాశాను.

ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయి. నేను రాలేను, సెలవు ఇవ్వరు. నా కళ్లు మీరిద్దరే.

ముందు మూతులు గోరువెచ్చని నీళ్లతో శుభ్రంగా కడగండి. కడిగాకే చూడండి. పెదవి లోపల, చిగుళ్లు, నాలిక పైన, నాలిక కింద. తరవాత నాలుగు కాళ్లూ ఎత్తి గిట్టల సందు చూడండి. పేడ పలచనా, గట్టిగా ఉందా, నెత్తురు ఉందా. మీ చెరువులోనే తాగే పక్కవాళ్ల గొడ్లకి ఎవరికైనా వచ్చిందా.

పార్సిలులో ఒక గాజుపుల్ల పంపుతున్నాను, జ్వరం చూసేది. నోట్లో పెట్టవద్దు, నమిలేస్తుంది. తోక ఎత్తి, దాని కింద పెట్టాలి. నవ్వకు. రెండు నిమిషాలు ఉంచి తీస్తే లోపల పాదరసం ఎంతవరకు ఎక్కిందో కనబడుతుంది. నేను ఎర్ర సిరాతో గీత పెట్టాను. గీత దాటితే జ్వరం.

ఆఖరిది అప్ప పని. అప్పా, నీ అంత సూటిగా ముగ్గు వేసే చెయ్యి ఆ ఊళ్లో లేదు. నాలుగింటికీ నాలుగు తలలు బొగ్గుతో కాగితం మీద వెయ్యి, మెడ దాకా రానీ. పుండు ఎక్కడుందో అక్కడే చుక్క పెట్టు. లేని చోట దయతలచి ఒక్క చుక్కా పెట్టకు. లేని చోటు కూడా నాకు కావాలి.

మీ
నీలకంఠం


అక్కుపల్లి
8 మే 1912

బావమరిదికి,

పార్సిలు పలాస స్టేషనులో తీసుకుని వచ్చాను. నీ గాజుపుల్ల గురించి ముందు రాయాలి, లేకపోతే నా మనసు తేలికపడదు.

నువ్వు నవ్వవద్దన్నావు గనక నేను నవ్వలేదు. మల్లడి తోక ఎత్తాను. మల్లడు వెనక్కి తిరిగి నన్ను ఒక్క చూపు చూశాడు. ఎనిమిదేళ్లు కలిసి దున్నినవాళ్లం, మా మధ్య ఇలాంటిది ఏనాడూ జరగలేదు. నేను తోక వదిలేశాను. అప్పుడు మీ అప్ప ఆ పుల్ల లాక్కుని, "నువ్వు తోక అట్టుకో సాలు" అని, నలుగురికీ వరసగా పెట్టి తీసేసింది. మల్లడు ఇప్పటికీ నా వైపు చూడడం లేదు. ఎవరికీ పాదరసం నీ ఎర్రగీత దాటలేదు. మర్నాడు పొద్దున మళ్లీ చూసింది, దాటలేదు.

ఇప్పుడు నేను సిగ్గుపడాల్సిన సంగతి. మూతులు కడిగాం. నీళ్లతోపాటు తవుడు పోయింది. నిజంగా తవుడే. కుడితిలో వేసిన తవుడు పెదవులకి అంటుకుని ఎండిపోయింది. నువ్వు తవుడు చల్లినట్టు ఉంటుందని రాశావు, నేను తవుడే చూశాను. చిగుళ్లు శుభ్రంగా గులాబిరంగులో ఉన్నాయి. నాలిక కొసన మాత్రం పొక్కింది.

గిట్టల సందున ఏమీ లేదు. పేడ ఎప్పటిలాగే ఉంది, మీ అప్ప దానితోనే పిడకలు చేసింది. పక్కవాళ్ల గొడ్లకి, చెరువులో తాగేవాటికి దేనికీ ఏమీ రాలేదు. మావి తినాలనే చూస్తున్నాయి, మంటకి తినలేకపోతున్నాయి.

ఇవన్నీ మునసబు గారికి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "డాక్టరు అనుమానం లేదన్నాడు గదా, ఇప్పుడు అనుమానం వచ్చిందని రాయించు" అన్నారు. అమావాస్య మాత్రం మారలేదు.

బొమ్మలు దీంతోపాటే పంపుతున్నాను. అక్కడక్కడ మరకలు ఉంటే ఏమీ అనుకోవద్దంది మీ అప్ప. ఈ ఏడు ఆమెకి వేళ్లే కాదు, మోచేతుల దాకా పేలి తోలు ఊడుతోంది. పిక్కల కాపు ఎక్కువ గదా, అందువల్లే అనుకున్నాం. ఆ చేతులతోనే ఒక్కో గొడ్డు ముందు పూటపూటంతా కూర్చుని వేసింది. చూసింది చూసినట్టు పెట్టాను, ఒక్క చుక్క కూడా అందానికి పెట్టలేదు అని రాయమంది.

నీ బావ
పైడిరాజు


వేపేరి
10 మే 1912

బావా,

ఈ ఉత్తరంకన్నా ముందు నీకు తంతి చేరుతుంది. స్టేషను మాస్టరు చేత చదివించుకో. గొడ్లని తోలవద్దు, ఉత్తరం వస్తోంది అని దానిలో ఉంటుంది. మునసబు గారికి కూడా అదే చూపించు. జాడ్యం కాదు. ఈసారి చూసి చెబుతున్నాను, అప్ప కళ్లతో.

నాలుగు బొమ్మలూ గది నేలమీద పరిచాను. మొదట ఏమీ బోధపడలేదు. తరవాత గొడ్ల ఎత్తు ప్రకారం వరసగా పేర్చాను, పెయ్య, చుక్కావు, ఎర్రడు, మల్లడు. అప్పుడు కనబడింది. పెయ్యకి చుక్కలు గడ్డం మీద ఉన్నాయి. చుక్కావుకి దవడ కింద. ఎడ్లకి ఇంకా కిందికి, గొంతు మీద. ప్రతిదానికీ చుక్కలన్నీ ఒక అడ్డగీతలో ఉన్నాయి, తాడు పట్టుకుని పెట్టినట్టు. అది కాక మూతి ముందుభాగంలో, నాలిక కొసన. మిగతా మొహం మీద ఎక్కడా ఒక్క చుక్క లేదు.

ప్రొఫెసరు గారికి చూపిస్తే చాలాసేపు చూశారు. రోగం ఇలా గీత గీసుకుని రాదు అన్నారు. ఇది వేసినావిడ ఎక్కడ చదువుకుందని అడిగారు. మా అప్ప బడికి వెళ్లలేదండీ, ముగ్గులు వేస్తుంది అన్నాను. ఈ తరగతికి ఆవిడ వచ్చి, నువ్వు ఇంటికి వెళ్లి ముగ్గులు వేస్తే బాగుండేది అన్నారు. నాకు కోపం రాలేదు, నిజమే అనిపించింది.

పొట్టిదానికి గడ్డం, పొడుగుదానికి గొంతు. అంటే ఆ నాలుగూ ఒకే ఎత్తున ఉన్న దేనిమీదో మెడ ఆనించి తింటున్నాయి. దాని అంచు వాటిని కాలుస్తోంది. అప్ప చేతులు కూడా దాన్ని కడగడం వల్లే మోచేతుల దాకా పేలాయని నా నమ్మకం. ఊళ్లో అందరి వేళ్లూ పేలి ఉంటాయి గనక ఆమె చేతులు మనకి గుర్తుగా కనబడలేదు. అక్కడే పుట్టిన నాకూ తట్టలేదు.

బావా, నీ కొట్టంలో వెలిసిన ఆ వింత ఏమిటి? ఇప్పుడైనా చెప్పు. దానికి నువ్వు ఏం పూశావు?

నీలకంఠం


అక్కుపల్లి
17 మే 1912

మా ఇంటి డాక్టరు నీలకంఠానికి,

పడవ.

నువ్వు నవ్వడం అయ్యాక మిగతాది చదువు. జాలరి పోలారావు నీకు తెలుసు గదా. వాడి పాత పడవ ఒకటి నడిమికి విరిగి ఒడ్డున పడి ఉంది. ముందు సగం నాకు ఇచ్చాడు. దాన్ని ఇద్దరం కొట్టంలోకి ఈడ్చి, కొన కొబ్బరిచెట్టు వైపు పెట్టి, కుడితి తొట్టిగా నిలబెట్టాం. నాలుగు గొడ్లు వరసగా నిలబడి పడవలో మేత తింటుంటే చూడాలి, ఓడ ఎక్కబోయేవాళ్లలా ఉంటాయి. చెద పట్టకుండా ఏం చెయ్యాలిరా అంటే, మేం పడవలకి జీడిపిక్కల చమురు పూస్తాం అన్నాడు. నేను రెండు పూతలు దట్టంగా పూశాను. అంచుకి మూడు పూతలు.

నీ ఉత్తరం చదివి పోలారావు దగ్గరికి పరుగెత్తాను. వాడు నా మొహం చూసి, "పూసినాక ఎన్నాళ్లు ఎండనిచ్చినావు బావా?" అన్నాడు. నాలుగు రోజులన్నాను. వాడు తల పట్టుకున్నాడు. నలభై రోజులు నడి ఎండలో ఉంచాలని చెప్పాడట. చెప్పే ఉంటాడు. అప్పటికే నా మనసు నీకు రాయబోయే ఉత్తరం మీద ఉంది.

పిక్కలు కాల్చి కాల్చి, ఆ చమురు తగిలితే చెయ్యి పేలుతుందని పసిపిల్లలకి కూడా తెలిసిన ఊరు మనది. అయినా మూడు వారాలు ఆ పడవ పక్కనే కూర్చుని ఈ రోగం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఏడ్చాను. మీ అప్ప ఇప్పుడు నన్ను ఏమీ అనడం లేదు. పడవ వైపు చూస్తుంది, నా వైపు చూస్తుంది, లోపలికి వెళ్లిపోతుంది. ఆ మూడు రోజుల మౌనమే నయం.

మునసబు గారి సంగతి ఇంకా బాగుంది. పదమూడో తేదీ పొద్దున తంతీ, నీ ఉత్తరమూ తీసుకెళ్లాను. ఆయన నమ్మలేదు. చూసి తేలుస్తానని పెద్దల్ని వెంటబెట్టుకుని కొట్టానికి వచ్చారు. నువ్వు ఎరుగుదువు, ఏనాడూ జీడిపిక్క చేత్తో ముట్టని మనిషి. ఒంటిమీద చొక్కా లేదు, ఉత్తరీయం మాత్రమే. పడవ అంచుమీద రెండు మోచేతులూ ఆనించుకుని నిలబడి, పడవకీ పుండుకీ ఏమిటి సంబంధం అని అరగంట వాదించారు. ఎండకి చెమటలు కారుతున్నాయి. నేను రెండుసార్లు, అక్కడ ఆనుకోకండి బాబూ అన్నాను. నా ఊళ్లో నన్నే ఆనుకోవద్దంటావా అన్నట్టు చూసి ఇంకా గట్టిగా ఆనుకున్నారు. మూడోసారి చెప్పబోతే మీ అప్ప నా కాలు తొక్కింది.

పదిహేనో తేదీకి ఆయన రెండు ముంజేతుల మీదా బొబ్బలు లేచాయి. తాడు పట్టుకుని పెట్టినట్టు, ఒక్క గీతలో. మీ అప్ప కొబ్బరినూనె గిన్నె పట్టుకుని వాళ్లింటికి వెళ్లి, అందరూ వింటుండగా చాలా మర్యాదగా అడిగింది: "బాబూ, రేపు అమావాస్సె. గొడ్లతోపాటు తమర్ని కూడా దిబ్బలకాడికి తోలీమంటారా?"

ఆయన తన చేతులు చూసుకున్నారు. తరవాత భుజాలు కదిలాయి, కోపమనుకున్నాం, నవ్వు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుందామంటే చేతులు మండుతున్నాయి. ఆయన పెళ్లాం కొంగుతో తుడిచింది.

కానీ తీర్పు తీర్పే అన్నారు. రచ్చలో చెప్పిన మాట ఉత్తది కాకూడదు, జాడ్యం తెచ్చినది అమావాస్యకి ఊరు దాటాల్సిందే అన్నారు. అందుకని నిన్న పడవని తోలేశాం. మల్లడూ ఎర్రడూనే లాగారు. ఊరంతా వెనక నడిచింది, ముందు డప్పు. మొగలి డొంకలు దాటించి దిబ్బలమీద బోర్లించి వచ్చాం. నలభై రోజులు ఎండాక మళ్లీ తెచ్చుకోవచ్చని మునసబు గారు సెలవిచ్చారు. మీ అప్ప మాత్రం ఇవ్వలేదు.

గొడ్ల మూతులు ఆరుతున్నాయి. మల్లడు తిరిగి వస్తూ నా భుజం నాకాడు. గాజుపుల్ల సంగతి క్షమించాడనుకుంటాను.

నీ బావ
పైడిరాజు


వేపేరి
21 మే 1912

బావకి, అప్పకి,

నీ ఉత్తరం తరగతిలో చదివాను. ప్రొఫెసరు గారికి నేనే ఇంగ్లీషులో వినిపించాను. మునసబు గారి ముంజేతుల దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టేశారు. అప్ప వేసిన నాలుగు బొమ్మలూ ఆ సీసాల గదిలో గోడకి అంటించారు. అక్కడ బడి ముఖం చూడని మనిషి వేసినవి అవే.

నిన్న మాకు పరీక్ష జరిగింది. ఒక ఎద్దుని తెచ్చి నిలబెట్టారు, మూపు మీద పెద్ద పుండు. నా ముందువాళ్లు ముగ్గురు మూడు పేర్లు చెప్పారు. నా వంతు వచ్చింది. నేను పేరు చెప్పలేదు. పుండు ఎంత మేర ఉంది, అంచు ఎలా ఉంది, ఎక్కడ లేదు అన్నీ చెప్పి, ఈ ఎద్దు కాడి ఒకసారి చూపించమని అడిగాను. కాడి తెచ్చారు. చీలిన కొయ్య సరిగ్గా పుండు ఉన్నచోటే ఆనుతుంది. ప్రొఫెసరు గారు కాగితం మీద ఏదో రాసుకుని, మీ అప్పగారు కులాసాయా అని అడిగారు.

అప్పా, సూడకండా ఎలా సెప్పినాడు అని నువ్వు అడిగిన మాట నా పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. నా మీద కోపం పోయిందా? బావ ఉత్తరాల్లో అది ఎక్కడా కనబడలేదు. చుక్కావు గురించి కూడా ఆయన రాయలేదు.

మీ
నీలకంఠం


అక్కుపల్లి
2 జూన్ 1912

బావమరిదికి,

రాయలేదంటే మీ అప్ప రాయనివ్వలేదు. ఆ పుళ్లమంటతో చుక్కావు సరిగ్గా మేత తినక నీరసపడింది. ఈనేదాకా మంచిమాట తొందరపడి రాయకు, మన ఇంట్లో తొందరపడి రాసినవాళ్లు ఒకరు చాలు అంది. కాబట్టి నీ ప్రశ్నకి జవాబు, కోపం పోలేదు, కాస్త దాచిపెట్టుకుంది. నువ్వు సెలవలకి వచ్చాక తీసి చూపించి అప్పుడు పారేస్తుందట.

నిన్న పొద్దున చుక్కావు ఈనింది. ఇసకదిబ్బల మీద కాదు, మన కొట్టంలో, పడవ ఉన్న చోట పరిచిన గడ్డిమీద. కోడెదూడ. మునసబు గారు చేతులకి కట్లు విప్పుకుని మరీ చూడ్డానికి వచ్చారు, దేనికీ ఆనుకోకుండా కొట్టం మధ్యన నిలబడ్డారు. దూడ పుట్టిన గంటకి లేచి, పడి, లేచి, తల్లి పొదుగు వెతుక్కుంది. మీ అప్ప అప్పుడు ఏడ్చింది. ఈ రెండు నెలల్లో ఆమె ఏడవడం అదే మొదలు.

వచ్చే వారం దుక్కి మొదలు. కాడి మల్లడి, ఎర్రడి మెడలమీదే.

దీంతోపాటు ఇంకో బొమ్మ పంపుతోంది. ఆమె చేతులు మానిపోయాయి, మరకలు ఉండవు. దూడ మొహం అది, మెడ దాకా వేసింది. వేస్తున్నంతసేపు దాన్ని పట్టుకోవడం నా పని, రెండుసార్లు నన్ను పడదోసింది. నీ ప్రొఫెసరు గారి గోడమీద ఆ నాలుగింటి పక్కన దీన్ని కూడా పెట్టించమంది.

ఎంత వెతికినా దానిమీద నీకు ఒక్క చుక్క కనబడదు. తిన్నగా చూసి వేశానని రాయమంది.

నీ బావ
పైడిరాజు